ఈసీజీలో గీత చక్కబడితే గుండె భద్రంగా ఉన్నట్టేనా?

గుండె లయ: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

గుండెపోటు వచ్చి తగ్గినవాళ్ళ ఇళ్ళ నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అందరి భయమూ ఒక్కటే: గుండె కొట్టుకోవడం ఉన్నట్టుండి గాడి తప్పితే ఎలా? నేను రోజూ చూసేది ఇలాంటి రోగులనే కాబట్టి కొన్ని ప్రశ్నలకు వివరంగానే రాస్తున్నాను. ఇందులో మందుల పేర్లు చెప్పింది మీరు మీ డాక్టరుతో మాట్లాడుకోవడానికి. వాటిని సొంతంగా మొదలుపెట్టకండి, సొంతంగా మానకండి.

ప్రశ్న: మా వారికి 52 ఏళ్ళు. గుండెపోటు వస్తే మూడు గంటల్లోపే స్టెంట్ వేశారు. నొప్పి తగ్గింది. బ్లాక్ తెరుచుకుందని చెప్పిన కాసేపటికే మానిటర్‌లో గీతలు మారిపోయి అలారం మోగింది. నర్సులు పరుగున వచ్చారు. డాక్టరు చూశారు గానీ ఏ మందూ ఇవ్వలేదు. కాసేపటికి దానంతట అదే సర్దుకుంది. రక్తం ఆగినప్పుడు లయ తప్పిందంటే అర్థం చేసుకోగలను. రక్తం తిరిగి వచ్చాక ఎందుకు తప్పాలి? ఏదైనా పొరపాటు జరిగిందా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పొరపాటేమీ కనిపించడం లేదమ్మా. మీ ప్రశ్న చాలా మంచిది, దీనికి కొంచెం లోపలికి వెళ్ళి చెప్పాలి.

గుండె కండరంలో ఒక్కో కణం లోపల పొటాషియం బయటికంటే ముప్ఫై రెట్లకు పైగా ఎక్కువ ఉంటుంది. ఆ తేడా ఉంటేనే కణం విద్యుత్తును పట్టి ఉంచుతుంది. ఆ తేడాను నిలబెట్టే పంపులు నడవడానికి ఏటీపీ అనే ఇంధనం కావాలి, అది తయారవడానికి ఆక్సిజన్ కావాలి. రక్తనాళం మూసుకుపోతే ఒకటి రెండు నిమిషాల్లోనే ఆ భాగం ముడుచుకోవడం మానేస్తుంది. కణం ఇంకా చచ్చిపోలేదు, ఉన్న ఇంధనాన్ని దాచుకుంటోంది, అంతే. ఏటీపీ తగ్గితే తెరుచుకునే పొటాషియం ద్వారాలు కొన్ని కణం గోడలో ఉన్నాయి. వాటిని 1983లో అకినోరి నోమా అనే శాస్త్రవేత్త గుర్తించారు. ఆ ద్వారాల గుండా పొటాషియం బయటికి కారుతుంది. కడిగివేసే రక్తం లేదు కనుక అక్కడే పేరుకుంటుంది, దానితోపాటు ఆమ్లం కూడా.

అప్పుడు ఆ ప్రాంతంలో విద్యుత్ తరంగం బురద నేల మీద బండి నడిచినంత నెమ్మదిగా సాగుతుంది. కొన్నిచోట్ల పూర్తిగా ఆగిపోతుంది. పక్కనే ఆరోగ్యంగా ఉన్న కండరం మాత్రం మామూలు వేగంతోనే పని చేస్తుంటుంది. నెమ్మదిగా వచ్చిన తరంగం బయటపడేసరికి చుట్టూ ఉన్న కండరం మళ్ళీ సిద్ధంగా ఉంటుంది, కాబట్టి అదే తరంగం దాన్ని రెండోసారి రగిలిస్తుంది. అలా ఒకే తరంగం చుట్టూ చుట్టూ తిరుగుతుంటే వెంట్రిక్యులర్ టాకీకార్డియా అంటాం. అది ముక్కలు ముక్కలై, జఠరికలు (గుండె కింది గదులు) ఒక్కసారిగా ముడుచుకోలేక ఊరికే వణుకుతుంటే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. ఆ స్థితిలో మెదడుకు రక్తం అందదు.

ఇక మీరు అడిగింది. నాళం తెరుచుకున్నప్పుడు కణం బయట ఉన్న ఆమ్లం వెంటనే కడుక్కుపోతుంది, లోపలిది మాత్రం మిగులుతుంది. దాన్ని బయటికి నెట్టడానికి కణం సోడియంను లోపలికి తీసుకుంటుంది. పేరుకున్న సోడియంను వదిలించుకోవడానికి కాల్షియంను లోపలికి రానిస్తుంది. కాల్షియం మితిమీరితే కణం తనకు తానే, పిలుపు రాకుండానే, కొట్టుకోవడం మొదలుపెట్టవచ్చు. పైగా అన్ని కణాలూ ఒకే వేగంతో కోలుకోవు. అందుకే రక్తం వచ్చిన మొదటి నిమిషాల్లో కొత్త అలజడి రేగుతుంది.

మీ వారికి వచ్చినది బహుశా యాక్సిలరేటెడ్ ఇడియోవెంట్రిక్యులర్ రిథమ్ అయి ఉంటుంది. నిమిషానికి సుమారు 60 నుంచి 110 వరకు వెడల్పు గీతలు పడతాయి, రక్తపోటు నిలకడగా ఉంటుంది, కొద్ది సేపటికి దానంతట అదే పోతుంది. చూడటానికి భయంగా ఉన్నా దానికి మందు అక్కర్లేదు. నాళం తెరుచుకుందనడానికి అదొక గుర్తుగా కూడా మేం చూస్తాం. అరుదుగా ఈ సమయంలో ఫిబ్రిలేషన్ కూడా రావచ్చు. అందుకే షాక్ యంత్రం మంచం పక్కనే ఉంటుంది, మానిటర్ వైర్లు తీయరు. డాక్టరు చూసి ఊరుకున్నారంటే పట్టించుకోలేదని కాదు, గీత చదివి నిర్ణయించారని.

మూడు గంటల్లో స్టెంట్ పడింది, అది మీరు అందరికీ చెప్పుకోవలసిన విషయం. రక్తం ఆగిన కండరం ఒక్కసారిగా చావదు. లోపలి పొరలో మొదలై గంటల తరబడి బయటి పొరకు పాకుతుంది. ఎంత కండరం మిగిలితే, చచ్చిన చోట రేపు ఏర్పడే మచ్చ అంత చిన్నది, ఆ మచ్చ చుట్టూ విద్యుత్తు తిరిగే అవకాశం అంత తక్కువ. నేను వార్డులో అడుగుపెట్టగానే వేసే మొదటి ప్రశ్న కూడా నొప్పి ఎన్ని గంటలకు మొదలైందనే.

ప్రశ్న: మా అన్నయ్యకు ఛాతీ నొప్పి వస్తే స్కూటర్ మీద తీసుకెళ్దామని బయల్దేరాం. దారిలోనే పడిపోయారు. అప్పటిదాకా మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన దక్కలేదు. అంబులెన్స్ కోసం ఆగి ఉంటే ఇంకా ఆలస్యమయ్యేదని నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజమేనా? ఇక ముందు మా ఇంట్లో ఎవరికైనా వస్తే ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ఆ పరిస్థితిలో వేగంగా తీసుకెళ్ళాలనుకోవడం ఏ తోబుట్టువైనా చేసే పనే. దానికి మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి.

మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోవడం ఫిబ్రిలేషన్ లక్షణం. గుండెపోటు మొదలైన మొదటి గంటలో దాని ముప్పు అన్నిటికంటే ఎక్కువ. నొప్పి ఎంత తీవ్రంగా ఉందన్నదాన్ని బట్టి అది రాదు. చిన్న గుండెపోటులోనూ రావచ్చు. దానికి పనిచేసేది కరెంటు షాక్ ఒక్కటే. ఏ మాత్రా, ఏ ఇంజెక్షనూ దాని బదులు కాదు. సీపీఆర్ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఛాతీ నొక్కుతూ ఉంటే ఆ పతనం బాగా నెమ్మదిస్తుంది.

అంబులెన్స్ పిలవమని చెప్పేది అందుకే. అది వేగంగా పోతుందని కాదు, అందులో షాక్ యంత్రం ఉంటుందని. 1966లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే డాక్టరు కారు బ్యాటరీలతో నడిచే 70 కిలోల యంత్రాన్ని అంబులెన్స్‌లో ఎక్కించి రోగి ఉన్న చోటికే పంపడం మొదలుపెట్టారు. గుండెపోటు చావుల్లో చాలా భాగం ఆసుపత్రి గుమ్మం చేరకముందే జరుగుతున్నాయని ఆయన గమనించారు. ఇప్పుడు ఆ యంత్రం చేతిసంచిలో పడుతుంది. ఏఈడీ అనే రకమైతే ఏం చేయాలో అదే నోటితో చెబుతుంది, షాక్ అవసరం లేని గుండెకు షాక్ ఇవ్వదు. కాబట్టి పిలిచేటప్పుడే షాక్ యంత్రం ఉన్న అంబులెన్స్ కావాలని అడగండి.

ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు పది నిమిషాలు దాటి ఉంటే ముందు ఫోన్ చేయండి. రోగి తనంతట తాను బండి నడపకూడదు. స్పృహ ఉండి, ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, రక్తస్రావం సమస్య లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చు. పడిపోయి, పలకరిస్తే పలక్కుండా, ఊపిరి సరిగా తీసుకోకుండా ఉంటే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కండి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ఎగశ్వాసలా అప్పుడప్పుడూ వచ్చే ఊపిరిని చూసి బతికే ఉన్నారని ఆగిపోకండి. అది ఊపిరి కాదు. చాలామంది అక్కడే మోసపోతారు. పక్కటెముక విరుగుతుందేమోనని కూడా ఆగకండి, ఎముక అతుకుతుంది.

ప్రశ్న: నాకు 58. రెండేళ్ళ క్రితం గుండెపోటు వచ్చింది, స్టెంట్ ఉంది. ఈమధ్య గుండె ఒక దెబ్బ తప్పినట్టు అనిపిస్తే గుండె లయను నమోదుచేసే హోల్టర్ యంత్రాన్ని 24 గంటలు పెట్టారు. మూడు వేల ఎక్టోపిక్స్ (వేళకు ముందే పడే అదనపు దెబ్బలు) వచ్చాయి. ఎకో స్కాన్‌లో పంపింగ్ (ఒక్కో దెబ్బకు గుండె బయటికి నెట్టే రక్తం) 48 శాతం. మా డాక్టరు బీటా బ్లాకర్ డోసు కొద్దిగా పెంచి ఊరుకున్నారు. నా స్నేహితుడికి ఎక్టోపిక్స్‌ను పూర్తిగా ఆపే మాత్ర ఇచ్చారట, ఇప్పుడు ఒక్కటి కూడా లేదట. నాకెందుకు ఇవ్వలేదు? మూడు వేలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మీ డాక్టరు ఆ మాత్ర ఇవ్వకపోవడం వెనక మా వైద్యులందరం నేర్చుకున్న పెద్ద పాఠం ఉంది.

గుండెపోటు తర్వాత ఎక్టోపిక్స్ ఎక్కువున్నవాళ్ళు హఠాత్తుగా చనిపోయే అవకాశం ఎక్కువని 1970ల నాటికే తెలుసు. అయితే వాటిని ఆపితే చావులు ఆగుతాయి కదా అనుకున్నారు. ఎవరికైనా తట్టే ఆలోచనే. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఎక్టోపిక్స్‌ను చక్కగా ఆపేవి, డాక్టర్లు రాసేవారు కూడా. నిజంగా ప్రాణాలు కాపాడుతున్నాయా అని తేల్చడానికి అమెరికాలో కాస్ట్ అనే పరిశోధన మొదలైంది. 1989లో ఆ రెండు మందుల భాగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 1991లో అచ్చయిన లెక్క ఇది: మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది. మందు వేసుకున్నవాళ్ళ ఈసీజీ అందంగా ఉంది. చనిపోయింది మాత్రం వాళ్ళే ఎక్కువ.

ఎందుకలా? ఆ మందులు సోడియం ద్వారాలను మూసి విద్యుత్ తరంగాన్ని నెమ్మది చేస్తాయి. మామూలు గుండెలో దానివల్ల పెద్ద హాని ఉండకపోవచ్చు. మచ్చ ఉన్న గుండెలో, అందులోనూ ఏదో ఒక రోజు రక్తం మళ్ళీ కాస్త తగ్గినప్పుడు, ఇప్పటికే నెమ్మదిగా ఉన్న దారి ఇంకా నెమ్మదిస్తుంది. తరంగం చుట్టూ తిరగడానికి అదే కావాలి. మొదటి జవాబులో చెప్పిన చక్రాన్ని మందే తయారుచేస్తుందన్నమాట. నేను చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్లు ఈ పరిశోధన గురించి గొంతు తగ్గించి చెప్పేవారు, ఎందుకంటే ఆ మందులు వాళ్ళూ నమ్మకంతో రాసినవే.

మీ స్నేహితుడి గుండె మీ గుండె ఒకటి కాదు. రక్తనాళాల జబ్బు, మచ్చ లేని గుండెకు ఫ్లెకైనైడ్ ఇప్పటికీ ఉపయోగపడే మందే. ఆయనకు ఏ మందు, ఏ కారణంతో ఇచ్చారో తెలియకుండా పోల్చుకోవద్దు. లయను సరిచేసే మరో మందు అమియోడరోన్ సంగతి వేరు. అది మచ్చ ఉన్న గుండెలోనూ వాడదగినదే, కానీ ముందుజాగ్రత్తగా అందరికీ ఇస్తే మొత్తం చావులు తగ్గలేదు. పైగా థైరాయిడ్, ఊపిరితిత్తులు, కాలేయం మీద కన్నేసి ఉంచాలి.

మీకిచ్చిన బీటా బ్లాకర్ ఎక్టోపిక్స్‌ను పూర్తిగా ఆపకపోవచ్చు. అది చేసే పని మరొకటి. రక్తం తగ్గినప్పుడు ఒంట్లో ఎగసే అడ్రినలిన్ నుంచి గుండెను కాస్తుంది, ఆక్సిజన్ అవసరాన్ని తగ్గిస్తుంది. 1980ల మొదట్లో 3,837 మంది మీద ప్రొప్రనలాల్‌తో చేసిన పరిశోధనలో మరణాలు 9.8 శాతం నుంచి 7.2 శాతానికి తగ్గాయి. అప్పట్లో స్టెంట్లు లేవన్నది నిజం. స్టెంట్ పడి పంపింగ్ 50 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకు దీర్ఘకాలం బీటా బ్లాకర్ వాడితే అదనపు లాభం కనబడలేదని 2024లో 5,020 మందితో జరిగిన రెడ్యూస్-ఏఎంఐ పరిశోధన చెప్పింది. మీ పంపింగ్ 48, మీకు మచ్చ ఉంది, లక్షణాలున్నాయి. మీ డాక్టరు నిర్ణయం నాకు సబబుగానే తోస్తోంది. దాన్ని ఉన్నట్టుండి మానకండి, ఒక్కసారిగా ఆపితే గుండె ఎదురుతిరిగి నొప్పి, దడ పెరుగుతాయి.

మూడు వేలు అనే అంకె గురించి. రోజుకు గుండె దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది, అందులో ఇది మూడు శాతం. నేనైతే ఆ అంకె కంటే ఈ నాలుగు విషయాలు ముందు అడుగుతాను: నడిస్తే ఛాతీలో పట్టేస్తోందా, అంటే కొత్త బ్లాక్ సూచన ఉందా? ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయారా? పొటాషియం ఎంత? పొగ మానేశారా? పొగ రక్తనాళాన్ని బిగిస్తుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. పొగ తాగుతూ ఎక్టోపిక్స్‌కు మాత్ర అడగడంలో అర్థం లేదు. మీరు పొగ ప్రస్తావన రాయలేదు, కాబట్టి అది మీకు వర్తించకపోతే మన్నించండి. కళ్ళు తిరిగి పడిపోవడం జరిగితే మాత్రం వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే వెళ్ళండి.

ప్రశ్న: నాన్నగారికి గుండెపోటు వచ్చి మూడు వారాలైంది. పంపింగ్ 30 శాతం. లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చే ఐసీడీ అనే యంత్రం పెట్టాల్సి రావచ్చు, కానీ నలభై రోజులు ఆగుదాం అన్నారు. ప్రమాదం ఉన్నప్పుడు ఆగడమేమిటి? రాత్రుళ్ళు ఆయన ఊపిరి వింటూ కూర్చుంటున్నాను.

జవాబు: మీ భయం నాకు తెలుసమ్మా. మీలాంటి కూతుళ్ళనూ కొడుకులనూ వార్డు బయట వరండాలో చాలామందిని చూశాను.

ఆగమనడానికి కారణం ఉంది. గుండెపోటు తర్వాత కొన్ని వారాలపాటు కొంత కండరం బతికే ఉండి మూర్ఛపోయినట్టు ఊరుకుంటుంది. రక్తం అందాక అది మెల్లగా పని మొదలుపెడుతుంది. ఇవాళ 30 ఉన్నది రెండు మూడు నెలల్లో 40 కావచ్చు, అప్పుడు యంత్రమే అక్కర్లేదు. ముందే పెట్టి చూశారు కూడా. 2004లో వచ్చిన డినమిట్ పరిశోధనలో గుండెపోటు వచ్చి 6 నుంచి 40 రోజులైన 674 మందిని తీసుకుని, కొందరికి ఐసీడీ పెట్టి, కొందరికి పెట్టకుండా పోల్చి చూశారు. ఐసీడీ పెట్టినవాళ్ళలో లయ తప్పి చనిపోయేవాళ్ళు తగ్గారు, కానీ ఇతర కారణాలతో మరణాలు పెరిగి మొత్తం లెక్క మారలేదు. సమయం గడిచాక, మచ్చ కుదురుకున్నాక పెడితే లాభం స్పష్టంగా ఉంది. 2002 నాటి మాడిట్-2లో పంపింగ్ 30 శాతం, అంతకు తక్కువ ఉన్న 1,232 మందిలో ఐసీడీ వల్ల మరణాలు 19.8 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి. అందుకే కనీసం 40 రోజులు, స్టెంట్ లేదా బైపాస్ జరిగితే దాదాపు మూడు నెలలు ఆగి మళ్ళీ ఎకో చేసి నిర్ణయిస్తారు. ఆసుపత్రిలో మొదటి రెండు రోజులు దాటాక మళ్ళీ ఫిబ్రిలేషన్ వచ్చినవాళ్ళ విషయం వేరు, వాళ్ళను ఆగమనరు.

ఈ ఆగే రోజులు ఖాళీ రోజులు కావు. బీటా బ్లాకర్, గుండె మీద భారం తగ్గించే మందులు, వాటి డోసులు మెల్లగా పెంచడం, రక్తం పలచబరిచే మాత్రలు ఒక్క పూట కూడా తప్పకుండా వేయడం, ఇవన్నీ ఇప్పుడే. స్టెంట్ మాత్ర మానితే స్టెంట్‌లో గడ్డకడుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. మిగతా నాళాల్లో బ్లాకులు ఉన్నాయా, వాటిని ఎప్పుడు తెరుస్తారో అడగండి. కొన్నిచోట్ల ఈ మధ్యకాలానికి ఒంటికి తొడుక్కునే షాక్ జాకెట్ కూడా ఇస్తారు. మీ నాన్నగారికి అవసరమో కాదో అడిగి చూడండి.

రాత్రంతా కూర్చోకండి. ఇంట్లో ఇద్దరు సీపీఆర్ నేర్చుకోండి, వంతులు వేసుకుని పడుకోండి. ఎకో తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న: చేతికి బీపీ పట్టీ బిగించి రక్తం ఆపి వదిలితే, అలా కొన్నిసార్లు చేస్తే, గుండెపోటు వచ్చినా గుండె తట్టుకుంటుందని ఒక వీడియోలో చూశాను. ఇంట్లో రోజూ చేయవచ్చా?

జవాబు: మీరు చూసినదాని వెనక నిజమైన శాస్త్రం ఉంది. 1986లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మర్రీ, జెన్నింగ్స్, రైమర్ అనే పరిశోధకులు కుక్కల గుండెనాళాన్ని ఐదేసి నిమిషాలు నాలుగుసార్లు మూసి తెరిచారు. ఆ తర్వాత 40 నిమిషాలు మూస్తే, ముందు అలా అలవాటు చేయని గుండెలతో పోలిస్తే నాలుగో వంతు కండరమే చచ్చింది. చిన్న చిన్న కష్టాలకు గుండె ముందుగా సిద్ధమవుతుందన్న ఈ గమనిక నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ పరిశోధనలోనే రెండో భాగం ఉంది, దాన్ని వీడియోల్లో చెప్పరు. నాళాన్ని మూడు గంటలు మూసి ఉంచితే ఆ రక్షణ ఏమీ మిగల్లేదు. అలవాటు కొంత సమయాన్ని కొనిపెడుతుందే గానీ, నాళం తెరవడానికి బదులు కాదు.

చేతి పట్టీతో గుండెకు అదే రక్షణ వస్తుందా అని మనుషుల్లో పరీక్షించారు. అన్నిటికంటే పెద్దది 2019లో వచ్చింది: స్టెంట్‌కు వెళ్తున్న 5,401 మంది గుండెపోటు రోగులు. ఏడాది తర్వాత గుండెజబ్బు మరణాలు, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం కలిపి చూస్తే, పట్టీ కట్టినవారిలో 9.4 శాతం, కట్టనివారిలో 8.6 శాతం. అంటే లాభం లేదు. ఇంట్లో చేయకండి. నొప్పి వచ్చినప్పుడు పట్టీ బిగిస్తూ కూర్చుంటే పోయేది ఆ అమూల్యమైన సమయమే.

ప్రశ్న: లయ తప్పకుండా చేప నూనె, మెగ్నీషియం మాత్రలు మంచివంటున్నారు. పొటాషియం కలిపిన ఉప్పు కూడా వాడమంటున్నారు. గుండెజబ్బు ఉన్న మా అమ్మకు ఇవ్వవచ్చా?

జవాబు: చేప నూనె గురించి 1999లో ఒక పెద్ద ఇటలీ పరిశోధన ఆశ పుట్టించింది, హఠాన్మరణాలు తగ్గాయంది. మంచి మందులు వచ్చాక జరిగిన తర్వాతి పరిశోధనల్లో ఆ లాభం నిలవలేదు. ఎక్కువ డోసులో అయితే కర్ణికల్లో (గుండె పై గదుల్లో) లయ తప్పడం కొంత పెరిగింది కూడా. సొంతంగా కొని ఇవ్వకండి. మెగ్నీషియం గుండెపోటు రోగులందరికీ ఎక్కిస్తే లాభం లేదని 58,050 మందితో జరిగిన ఐసిస్-4 1995లో తేల్చింది. రక్తపరీక్షలో తక్కువుంటే ఇవ్వాలి, లేకపోతే వద్దు.

పొటాషియం మాత్రం నిజంగా లయను మార్చగలదు, రెండు వైపులా. ఒంట్లో నీరు తీసే మాత్రలు, వాంతులు, విరేచనాల వల్ల పొటాషియం పడిపోతే ఫిబ్రిలేషన్ ముప్పు పెరుగుతుంది. పొటాషియం ఉప్పు వాడితే, ముఖ్యంగా కిడ్నీ బలహీనంగా ఉన్నా, స్పైరనోలాక్టోన్ లేదా పేరు చివర "ప్రిల్", "సార్టన్" వచ్చే బీపీ మాత్రలు వాడుతున్నా, అది ప్రమాదకరంగా పెరిగి గుండె ఆగిపోవచ్చు. మీ అమ్మగారి మాత్రల పట్టీలు తీసి చూడండి. వాటిలో పైవి ఏవైనా ఉంటే ఆ ఉప్పు ఇవాళే పక్కన పెట్టి, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఫలితం వచ్చాక ఏ ఉప్పు వాడాలో ఆమె డాక్టరే చెబుతారు.